నాలుగు చీటీలు

జయనగరం, బెంగళూరు
ఆదివారం రాత్రి

అమ్మడూ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ఉద్యోగం ఖాయమైందట, సెప్టెంబర్‌లో ప్రయాణమట. "అక్కడ దీనికి ఒక్క మనిషీ తెలీదురా. అడిగితే కొండలెక్కేవాళ్లనీ గోల్ఫ్ ఆడేవాళ్లనీ వెతుక్కుంటానంటోంది. నువ్వయినా చెప్పు" అంది. గొంతులో కంగారు. నాకు మాత్రం ముందు గర్వమే వచ్చింది తల్లీ. 1988లో నేను గ్లాస్గోలో దిగినప్పుడు బియ్యం ఎక్కడ దొరుకుతాయి, చలికెట్లా అనే ఆలోచన తప్ప, మనుషుల్ని ఎట్లా సంపాదించుకోవాలన్న ఆలోచనే రాలేదు. నువ్వు వెళ్లకముందే ఆలోచించావు. ఆ తర్వాతే భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

కొండలకి సామాను సంగతి నీకు తెలుసు: వానకోటు, తలకి పెట్టుకునే లైటు, కాగితం మ్యాపు, దిక్సూచి. ఆపదొస్తే 999 కొట్టి ముందు పోలీసుల్ని అడుగు, వాళ్లకి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పు.

గోల్ఫ్ గురించి నాకు బెంగ లేదు. ఆ ఆటే మనుషుల్ని కలుపుతుంది. ఒక్కదానివే వెళ్లి నిలబడితే ఇద్దరో ముగ్గురో ఉన్న జట్టులో కలిపేస్తారు. పద్దెనిమిది హోల్స్ ఆడేసరికి నాలుగు గంటలు. బంతి కొట్టడానికి పట్టేది అందులో ఎంత? మిగతాదంతా నడకా, మాటలే. ఇక్కడిలాగా క్లబ్ మెంబర్‌షిప్ కోసం ఏళ్లకేళ్లు కాచుకోనక్కర్లేదు. ఎడిన్‌బరో బ్రెయిడ్ హిల్స్ మైదానం 1889 నుంచీ జనానిదే. బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ పార్కులో వేసవిలో తక్కువ దూరం హోల్స్ ఉంటాయి, ముప్ఫై ఆరు, డబ్బు కట్టే పనే లేదు. రెండోసారి ఆ దేశం వెళ్లినప్పుడు అక్కడ ఒక సాయంత్రమంతా ముక్కూమొహం తెలీని ముసలాయనతో ఆడాను. సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్స్ అనే పేరుమోసిన మైదానంలో కూడా ఒంటరిగా వచ్చినవాళ్ల పేర్లు ముందురోజే రాసుకుని, లాటరీ తీసి, ఖాళీ ఉన్న జట్టులో కలుపుతారు. హ్యాండిక్యాప్, అదే ఆటలో మన స్థాయి చెప్పే అంకె, 36 దాటకూడదు, దాని కాగితం తీసుకెళ్లు. ఆదివారాలు ఆట ఉండదు, ఊరిజనం ఆ గడ్డిమీద షికారు తిరుగుతారు. ఆట దొరక్కపోతే అలా అయినా తిరిగిరా.

ఒక్కటే జాగ్రత్త. ఇక్కడ నీకు క్యాడీ అలవాటైపోయాడు. అక్కడ బ్యాగు నీ భుజానే. గడ్డిపెళ్ల లేస్తే నువ్వే తెచ్చిపెట్టి తొక్కాలి. బంకర్ ఇసుకలో నీ అడుగులు నువ్వే చెరపాలి. గ్రీన్ మీద, అదే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డిలో, బంతి పడిన గుంట నువ్వే సరిచెయ్యాలి. నువ్వెంత దూరం కొట్టావో సాయంత్రానికి మర్చిపోతారు, ఇవి మర్చిపోరు. ఆటయ్యాక టీకి పిలిస్తే కూర్చో. పనుందని పరిగెత్తకు.

ఇక కొండలు. పోయినేడు సావనదుర్గలో కాలు మెలికపడితే పక్కనున్న పదిమందిలో ఒక్కరికీ చెప్పకుండా దిగొచ్చావు. మూడు వారాల తర్వాత వాపు చూస్తే గానీ మీ అమ్మకి తెలీలేదు. దాన్ని నువ్వు ధైర్యమనుకుంటున్నావు. నాకెంత కోపమొచ్చిందో నీకు తెలీదు. ఎందుకంటే అది నా జబ్బు, నీకెట్లా అంటుకుందో!

గ్లాస్గోలో మా ఆఫీసులో యాభై దాటిన ఇంజనీరు ఒకాయన ఉండేవారు. ప్రతి నెలా నలుగురైదుగురితో కొండలకెళ్లేవారు. అక్కడ 3,000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు, 1891లో ఆ పట్టిక మొదట రాసినాయన పేరు మీద. ఇప్పుడవి 282. నన్ను బెన్ లోమండ్‌కి పిలిచారు. ఎత్తెంత అన్నాను. 974 మీటర్లన్నారు. "అంతేనా, మా ఊరి దగ్గర నందికొండ 1478, ఎక్కాను" అన్నాను. నందికొండకి నేను బస్సులో వెళ్లాను అమ్మడూ. పైగా బెంగళూరే 900 మీటర్ల ఎత్తున ఉంది. బెన్ లోమండ్ మొదలయ్యేది సరస్సు ఒడ్డున, సముద్రమట్టానికి కాస్తంత పైన. 974లో దాదాపు ప్రతి మీటరూ కాళ్లతో ఎక్కాల్సిందే.

అక్టోబరు. నా కాళ్లకి కాన్వాస్ బూట్లు. అరగంటకే నీళ్లు దిగాయి, గంటకి మడమలు బొబ్బలెక్కాయి. ఆయన వెనక్కి తిరిగి బాగున్నావా అన్నప్పుడల్లా బాగున్నానన్నాను. చివరి వంపుల దగ్గర మబ్బు కమ్మింది. ముందున్నవాళ్ల వీపులు కనిపించలేదు. ఒక రాయి మీద కూలబడిపోయాను. వాళ్లే వెతుక్కుంటూ దిగొచ్చారు. ఒక పెద్దావిడ ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది. నా చేతుల వణుకుకి టీ తొణికి ప్యాంటు మీద పడుతుంటే, తన గ్లౌజు తీసి నా చేతికి తొడిగి, మూత తనే పట్టుకుని తాగించింది. తర్వాత ఐదుగురూ వెనక్కి దిగారు. శిఖరం ఇంకో అరగంట దూరంలో ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు.

తప్పు అది కాదు. ఆ మాత్రం ఎవరికైనా జరుగుతుంది. సోమవారం నా బల్ల మీద చీటీ పెట్టారు, వచ్చే నెల ఏ తేదీ, ఏ కొండ అని. "చూద్దాం" అన్నాను. మనకది ఎదుటివాడి మనసు నొప్పించకుండా అనే మాట. వాళ్లకది రానని చెప్పడమే. అయినా ఇంకో మూడు చీటీలు వచ్చాయి. జాలితో పిలుస్తున్నారనుకుని విప్పకుండానే సొరుగులో పడేశాను. ఆయన ఎదురొస్తే వేరే మెట్ల దారి పట్టేవాణ్ణి. ఆ తర్వాత ఏడాదికి పైగా ఆదివారాలన్నీ ఒక్క గదిలో, పప్పు ఉడికే చప్పుడు వింటూ గడిపాను. తిరిగొచ్చే రోజు సొరుగు ఖాళీ చేస్తూ విప్పాను. నాలుగో దాంట్లో కొండ పేరు కింద రాసుంది: "చిన్నదే. నెమ్మదిగా నడుద్దాం." ఆయన అప్పటికే రిటైరై ఊరు వదిలిపోయారు. చిరునామా అడిగితే ఇచ్చేవాళ్లు. అడగలేదు. ఆ చీటీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చూపించలేదు.

అందుకే మొదటిరోజే నిజం చెప్పు: ఎంత నడిచావో, ఎంతసేపు పట్టిందో. నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్కే ఇప్పటికీ వాడతారు: ఐదు కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అది గట్టి కాళ్ల లెక్క. నువ్వు వెళ్లేలోపు శివగంగ ఎక్కి నీ లెక్క నువ్వు కట్టుకో. చాలా క్లబ్బులు చేరకముందే ఒకటి రెండు నడకలకి రానిస్తాయి. అందరితో వెళ్లు. కొత్త పరిచయంలో ఒక్కరితోనే కారెక్కకు. మొదట పెంట్‌ల్యాండ్ కొండలు చాలు, ఊరి బస్సే వెళ్తుంది. మొదటి నడక బాగా జరక్కపోతే రెండోదానికి తప్పకుండా వెళ్లు. వాళ్లు పిలవకపోతే నువ్వే అడుగు.

ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు, చలికాలంలో అసలే వద్దు. ఇక్కడ స్కందగిరికి టికెట్ తీస్తాం, ఎంతమంది ఎక్కారో లెక్కుంటుంది. అక్కడ 2003 చట్టం ప్రకారం కొండల మీద ఎవరైనా నడవొచ్చు. గేటు లేదు, టికెట్ లేదు. దిగిరాలేదని చూసేవాడూ లేడు.

కొత్త బూట్లు ఇక్కడే కొని వచ్చే ఆదివారం వేసుకునిరా. పొద్దున్నే లాల్‌బాగ్ బండ మీద నాలుగు చుట్లు తిరుగుదాం. మడమ ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడే చెప్పాలి నాకు, ఇంటికొచ్చాక కాదు. అత్తయ్య ఉలవచారు చేస్తానంది.

డిసెంబర్‌లో అక్కడ మధ్యాహ్నం మూడూ నలభైకే పొద్దు గుంకుతుంది. ఇక్కడ అప్పుడు రాత్రి తొమ్మిదీ పది. కొండకి వెళ్లిన రోజు దిగానని ఒక్క మెసేజ్ పెట్టు. మీ అమ్మ పడుకున్నా నేను మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య