అల్లునికి: ఇంజన్ల మందు పోసే ముందు

అల్లుడా,

నువ్వు పంపిన ఫోటోలు చూసిన. ఇంజన్ సాఫ్ చేసే మందులట, రెండు సీసాలు. ఒకటి పెట్రోల్ల పోసేదట, ఇంకొకటి ఇంజన్ ఆయిల్ల పోసేదట. దుకాణం ఆయన రెండూ కలిపి నీ చేతిల పెట్టి, ఇగ ఇంజన్ విప్పే పనే ఉండదన్నడట. నువ్వేమో ఎన్ని మూతలు పొయ్యాలె మామా అని అడుగుతున్నవ్.

మూతల లెక్క తర్వాత. నీ దగ్గర బత్తాయి తోటలకు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్లు రెండున్నయి, ఒక బ్రష్ కట్టరుంది, కాల్వ నీళ్లు గుంజే ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ పంపుంది. ఈ నాలుగింటికీ ఒక్కతీరు వైద్యం నడవదు. టూ స్ట్రోకుల ఆయిల్ పెట్రోల్లనే కలిసి కాలిపోతది. పంపుల ఆయిల్ వేరే ఉంటది, కింద నిలబడి ఉంటది. ఇది పట్టుకుంటే సగం పరేషాన్ పోతది.

పెట్రోల్ల పోసే క్లీనర్లన్నీ మోసమని నేననను. సీసా మీద పాలీఈథర్ అమైన్ అని గని, పీఈఏ అని గని రాసి ఉంటే అది పనికొచ్చే సరుకే. పెట్రోల్తో పాటు పోయి వాల్వు వెనక పట్టిన జిగురును, పిస్టన్ తల మీది బొగ్గును కొద్దికొద్దిగ వదిలిస్తది. లోపల ఏమున్నదో ఒక్క ముక్క రాయకుండ, ఉత్త మెరిసే ఇంజన్ బొమ్మ వేసి అమ్మే సీసాలు కూడ ఉంటయి. అసొంటివి దుకాణంలనే విడిచిపెట్టి రా.

గని మందు పని చెయ్యాలంటే ముందు పెట్రోలు పారాలె గదా. నీ రెండో స్ప్రేయర్ స్టార్ట్ అయితది, రేస్ ఇయ్యంగనే బందైతది, చోక్ సగం మూస్తె జర నడుస్తది అన్నవ్. అది కార్బురేటర్ల (పెట్రోలును గాలితో కలిపే భాగం) మెయిన్ జెట్, అంటె పెట్రోలు పోయే సన్న బొక్క ఉన్న ముక్క, మూసుకపోయిన లక్షణం. పెట్రోలే పోని సందుల మందెట్ల పోతది? సీసా మొత్తం ట్యాంకుల గుమ్మరించినా అది అట్లనే ఉంటది. దానికి చెయ్యి పెట్టాల్సిందే.

పెట్రోల్ కాక్ మూసి, కార్బురేటర్ కింది గిన్నె ఇప్పు. అడుగున తేనె రంగు జిగురో, తెల్లటి పొడో కనబడ్తది, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు వాసన కొడ్తది. మధ్యల ఉన్న ఇత్తడి జెట్‌ను సరిపోయే స్క్రూడ్రైవర్తోనే తియ్యి, గాడి చెడగొట్టకు. తీసి ఎండకు పట్టి చూడు. సూది మొనంత బొక్కల నుంచి వెలుగు గుండ్రంగ కనబడాలె. చంద్రవంక లెక్క కనబడితె ఇంక లోపల జిగురున్నట్టే. ఇనుప తీగ పెట్టి పొడవకు. ఇత్తడి మెత్తన, బొక్క పెద్దగైతది, తర్వాత ఎన్నడూ పెట్రోల్ లెక్క కుదరదు. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి పది నిమిషాలు విడిచిపెట్టు, గాలి కొట్టు, మళ్లీ ఎండకు పట్టు. స్ప్రే కొట్టేటప్పుడు కండ్లకు అద్దాలు పెట్టుకో, అది ఎదురు బొక్కల నుంచి చిమ్ముతది. బ్రష్ కట్టర్ కార్బురేటర్ల గిన్నె ఉండదు, డయాఫ్రం అనే పల్చటి పొర ఉంటది. దాని మీద ఆ స్ప్రే పడితె ముడుచుకపోతది. డయాఫ్రం, వాచర్లు పక్కకు తీసినంకనే కొట్టు. డయాఫ్రం చేతికి గట్టిగ, పెళుసుగ తాకితె కొత్తది వెయ్యి, దాన్ని మెత్తగ చేసే మందు లేదు.

ఈ జిగురు, తెల్లపొడి ఇంతకుముందు కంటే ఎక్కువెందుకైందని అడుగుతవేమో. 2023 ఫిబ్రవరిల 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలువెట్టిన్రు, ఇప్పుడు మన బంకులల్ల దాదాపు అదే వస్తుంది. ఇథనాల్ గాలిల తేమను గుంజుకుంటది. రోజూ నడిచే మోటర్ సైకిల్ల ఆ పెట్రోలు నిలువ ఉండదు కాబట్టి తెలవది. నీ స్ప్రేయర్ మందులు కొట్టుడు అయిపోయినంక కొట్టంల మూలకు పడ్తది, మళ్ల వానాకాలం దాక ఎవ్వడు ముట్టడు. కొలతలున్న గాజు గొట్టంల నూరు మిల్లీ పెట్రోలు పోసి, పది మిల్లీ నీళ్లు కలిపి, ఊపి నిలబెట్టు. అడుగున పదే ఉండాల్సిన నీళ్లు ముప్పై దగ్గరికి పోతయి, మధ్యల గీత గీసినట్టు కనబడ్తది. పెరిగిందంత ఇథనాలే. ట్యాంకుల తేమ ఎక్కువైతె కూడ ఇట్లనే విడిపోతది. టూ స్ట్రోకుల ఇంకో ముప్పున్నది: నువ్వు కలిపిన ఆయిల్ పైన పెట్రోల్తోనే ఉండిపోతది, అడుగున ఉన్న ఇథనాల్ నీళ్లల ఆయిల్ ఉండది. ఇంజన్ గుంజేది అడుగునుంచే. ఆయిల్ లేకుండ నడిచి పిస్టన్ పట్టేస్తది. విడిపోయిన పెట్రోల్ను మళ్ల కలిపే మందు కోసం తిరగకు, తీసెయ్యి.

అందుకే సీజన్ ఒడిసినంక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాక నడిపి పెట్టు. ఇది మీ అమ్మకు చెప్పినా చేస్తది, పైస ఖర్చు లేదు. ఆయిల్ కలిపిన పెట్రోలు నెలకు మించి నిలువ పెట్టకు. నీళ్ల బాటిళ్లల పోసి పెట్టుడు అసలే వద్దు, ఇంట్ల పిల్లలున్నరు.

టూ స్ట్రోక్ ఆయిల్ సంగతి. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (జాసో అంటె జపానోళ్ల ఆయిల్ ప్రమాణం) అని ఉన్నది చూసి కొను. బొగ్గు పట్టకుండ కడిగే గుణం అందుల ఎక్కువ. పడవ ఇంజన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 రకం మనకు పనికిరాదు, అది నీళ్లతో చల్లబడే ఇంజన్ల కోసం. నీ మిషన్ పుస్తకంల 25:1 అని ఉంటె లీటరుకు 40 మిల్లీ, 50:1 అని ఉంటె 20 మిల్లీ. ఒక గుక్కెడు ఎక్కువ పోస్తె ఇంజన్‌కు బలం అనేటోళ్లు ప్రతి ఊర్ల ఉంటరు. ఆ గుక్కెడే సైలెన్సర్ల మసై కూసుంటది.

ఆ మసి గురించే నీ బ్రష్ కట్టర్. స్టార్ట్ మంచిగైతది, గడ్డిల పెట్టంగనే బలం ఉండది అంటె సైలెన్సరూ, సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే పోర్టూ చూడాలె. పెట్రోల్ల పోసిన క్లీనర్ అక్కడికి చేరేసరికే కాలిపోతది, అందుకే ఆ బొగ్గు మీద దాని ప్రభావం చాన తక్కువ. సైలెన్సర్ ఇప్పి, పిస్టన్ పైకి తెచ్చి పోర్టు మూసుకునేటట్టు పెట్టి, వెదురు పుల్లతో గోకు. ఇనుపది పెడితె పిస్టన్ మీద గీతలు పడ్తయి. రాలిన పొడి లోపలికి పోకుండ గాలి బయటి దిక్కే కొట్టు.

ప్లగ్ కూడ చూడు. లేత గోధుమ రంగుల ఉంటె ఇంజన్ మంచిగున్నట్టు. పొడిగ నల్లగుంటె గాలి సరిపోతలేదు, గాలి ఫిల్టర్ చూడు. తడిగ నల్లగుంటె ఆయిల్ ఎక్కువైనా అయితది, స్పార్క్ సరిగ లేకనైనా అయితది. తెల్లగ మాడినట్టుంటె పెట్రోల్ తక్కువ, ఇంజన్ వేడెక్కుతుంది, వెంటనే ఆపు. దేవరకొండ దిక్కు దుమ్ము లేచే చెల్కలల్ల పని చేసినప్పుడు ఫోం ఫిల్టర్ రోజూ సబ్బు నీళ్లల పిండు, ఆరినంకనే పెట్టు.

ఇగ ఆయిల్ల పోసే సీసా. ఇది నాకు అసలు నచ్చలె. నీ పంపు ఇంజన్ల ఆయిల్‌ను చిన్న గరిటె లెక్క ఉన్న డిప్పర్ కొట్టి పైకి చిమ్ముతది. అసొంటి ఇంజన్లల్ల ఆయిల్ పంపుండది, ఆయిల్ ఫిల్టర్ ఉండది. ఈ ఫ్లష్ (కడిగే) మందు లోపలి మడ్డిని ఊడగొడితె అది ఎక్కడికి పోవాలె? ఆయిల్లనే తిరిగి బేరింగులను గీకుతది. కొందరు కిరసనాయిల్ పోసి కాసేపు నడిపిస్తరు, అది ఇంకా ఘోరం, ఆయిల్ పల్చనైపోతది. సాఫ్ చేసే గుణం మంచి ఆయిల్లనే కంపెనోళ్లు కలిపి పెట్టిన్రు. ఇంజన్ వేడిగున్నప్పుడు, సమంగ ఉన్న జాగల పెట్టి పాత ఆయిల్ దించు. పుస్తకంల చెప్పినంతే, ఇసొంటి అయిదున్నర హార్స్ పవర్ ఇంజన్లకు సుమారు 600 మిల్లీ, 10డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం గుర్తు) ఆయిల్ పొయ్యి. మరీ మడ్డిగ వచ్చిందనుకో, అయిదు గంటలు నడిపి మళ్లొకసారి మార్చు. కొత్త ఇంజన్‌కైతె మొదటి 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకొకసారి మార్చుడు చాలు.

మిగిలింది మోటర్ సైకిల్ల పోస్తనన్నవ్. వద్దు. బండి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లనే మునిగి ఉంటయి. జారుడు పెంచే మందు పడితె క్లచ్ జారుతది, రేస్ ఇచ్చినా బండి ముందుకు పోదు. జాసో ఎంఏ, ఎంఏ2 అని రాసిన ఆయిల్ దాని కోసమే ఉన్నది.

ఇప్పుడు మూతల లెక్క. జెట్ కడిగి, ప్లగ్, ఫిల్టర్ సరి చేసినంకనే ఆ పెట్రోల్ క్లీనర్ వాడు, అది గూడ పంపుకు. సీసా మీద ఎన్ని లీటర్లకని ఉన్నదో చూడు. 100 మిల్లీ 50 లీటర్లకని ఉంటె లీటరుకు రెండు మిల్లీ, మూత గాదు. సూది తీసేసిన సిరంజితో కొలువు. పురుగుల మందు కొలిచే సిరంజి దీనికి, దీనిది దానికి వాడకు, మీద పేరు రాసి పెట్టు. టూ స్ట్రోకుల నేనైతె పొయ్యను. అక్కడ పెట్రోలే బేరింగులను తడుపుకుంట పోతది, కడిగే మందు ఎక్కువైతె ఆయిల్ పొరను గూడ కడిగేస్తది. ఊడిన బొగ్గు పెచ్చు పిస్టన్ రింగు సందుల ఇరికితె సిలిండర్ గీసుకపోతది.

ఇంత చేసినా పంపు నీలం పొగ కక్కుతుందంటె రింగులు గని, వాల్వు సీలు గని అరిగినట్టు. మిర్యాలగూడల లేతు ఆయన దగ్గర సిలిండర్ బోర్ (లోపలి వెడల్పు) కొలిపించి, రింగుల రేటడిగి నాకు ఫోన్ చెయ్యి. బేరం నేను మాట్లాడ్త.

మీ మామ