సిండ్రెల్లాను రాంచ్‌కు తీసుకువెళితే గాజు చెప్పు స్థానంలో ఏముండాలి?

సిండ్రెల్లా కథను కౌబాయ్‌ల రాంచ్‌లో, అంటే పశువులను పెంచే పెద్ద క్షేత్రంలో, జరిగినట్లుగా పిల్లలకు చెప్పాలంటే ఏమేమి మార్చాలని అడిగారు. డాలస్ దగ్గర నివసిస్తూ మా అమ్మాయికి ఈ కథను ఎన్నో రాత్రులు చెప్పినదానిగా నా సమాధానం ఇది: టోపీల సంగతి, గుర్రాల సంగతి తరువాత చూడవచ్చు, ముందుగా మార్చవలసింది ఆ చెప్పునే.

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు, ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్ అనే పాత పశువుల సంతలో పొడవు కొమ్ముల లాంగ్‌హార్న్ పశువులను వీధిలో నడిపించడం చూసి వచ్చిన రాత్రి, నేను ఈ కథ మొదలుపెట్టాను. రాజభవనానికి బదులు పశువుల కొట్టంలో నాట్యం, గాజు చెప్పుకు బదులు తోలు బూటు పెట్టి చెప్పుకుపోతూ ఉంటే, "అమ్మా, ఆ బూటు ఇంకెవరికైనా సరిపోతుంది కదా, ఈమేనని అతనికి ఎలా తెలిసింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 1697లో ఫ్రెంచ్ రచయిత పెరో అచ్చువేసిన కథలో గాజు చెప్పు లోకంలో ఇంకెవరి దగ్గరా లేని వస్తువు. రాంచ్‌లో బూటు లేని మనిషే ఉండరు.

కొన్ని వారాల తరువాత, జీనులు బాగుచేసే మెక్సికన్ మూలాల పెద్దాయన ఒకరు నాకు రియాటాను చూపించారు. అది పచ్చితోలు పట్టీలను అల్లి చేసిన పొడవైన తాడు. పశువులను పట్టే తాడుకు ఇంగ్లీషులో వాడే లారియట్ అన్న మాట 'లా రియాటా' నుంచే వచ్చింది. టెక్సస్ కౌబాయ్‌లు తాడు కొసను జీను ముందరి కొమ్ముకు గట్టిగా కట్టివేసేవారు. వకేరోలు, అంటే గుర్రాల మీద పశువులను కాసే మెక్సికన్ కాపరులు, మాత్రం కట్టకుండా కొమ్ము చుట్టూ తిప్పి, పశువు గుంజినప్పుడు కొంచెం కొంచెంగా జారనిచ్చేవారు, ఎందుకంటే బిగించి కట్టిన పచ్చితోలు ఒక్క కుదుపుకు తెగిపోతుంది.

నాకు కావలసినది దొరికింది. మా కథలో సిండ్రెల్లా ఒక వకేరో కూతురు, తండ్రి చనిపోయాడు. సవతి తల్లి ఆమె చేత వంటబండి దగ్గర గిన్నెలు తోమిస్తుంది. నాట్యం జరుగుతున్న రాత్రి తప్పించుకున్న ఎద్దును ఆమె తన తండ్రి రియాటాతో పట్టి, అర్ధరాత్రికి మంద కాపలా వంతు తనది కనుక, తాడును ఎద్దు కొమ్ములకే వదిలి వెళుతుంది. మాయ గడువు కంటే పని గడువునే పిల్లలు సులువుగా నమ్ముతారని నా గట్టి అభిప్రాయం. యజమాని కొడుకు ఆ రియాటాను రాంచ్ రాంచ్‌కూ తీసుకువెళతాడు. సవతి అక్కలు కొసను గట్టిగా కట్టి విసురుతారు, విసిరిన ప్రతిసారీ అది తెగి పొట్టిదవుతుంది. చివరికి సగమే మిగిలిన తాడుతో ఆమె పశువును ఆపుతుంది.

నా బాధ కూడా చెప్పాలి. పిల్లల బొమ్మల పుస్తకాలలో కౌబాయ్ అంటే తెల్లవాడే. ఆ పనిని నేర్పిన వకేరోలు గానీ, మందలను తోలిన నల్లజాతి కౌబాయ్‌లు గానీ అరుదుగానే కనిపిస్తారు. 1971 నుంచి మన తెలుగు తెర మీద కూడా కౌబాయ్ చేతిలో తుపాకీ ఉంటుంది గానీ ఆవు కనబడదు. పశువుల పని లేని కథను రాంచ్ కథ అనడం నాకు మనస్కరించదు.

తెగిన ముక్కలు ఏమయ్యాయని మా అమ్మాయి అడిగినందువల్ల, మా ఇంట్లో ఈ కథ పెళ్లితో ముగియదు. ఆమె కొత్త తోలు నానబెట్టి, తండ్రి తాడును తిరిగి అల్లుకోవడంతో ముగుస్తుంది.