ఎగిరిన మర్నాటి ఖర్చు

చిరంజీవి అమ్మలుకు బాబాయి ఆశీస్సులు.

మీ బృందం కొన్న చిప్‌మంక్ అనే పాత శిక్షణ విమానం ఫొటోలు చూశాను. రెక్కల మీద గుడ్డ పీలికలైపోయినా విమానం చూడముచ్చటగానే ఉంది. దాన్ని మళ్లీ ఎగిరించడానికి విరాళాల విజ్ఞప్తి ఎలా రాయాలని అడిగావు. రాసే పని తరవాత. ముందు దాన్ని లైసెన్సున్న ఇంజినీరుకు చూపించి, ఆయన రుసుము మీరే తలా ఇంత వేసుకుని కట్టండి. రెక్క విప్పితే గాని తుప్పు ఎంత దూరం పాకిందో తెలియదు. అది తెలియకుండా ప్రకటించిన అంకె మధ్యలో పెరిగిపోతుంది. రెండోసారి చేయి చాపితే ఇచ్చేవాళ్లు తగ్గుతారు.

ఇంగ్లండులో ఈ పని తలపెట్టిన ప్రతివాళ్లూ బ్రిటిష్ వాయుసేన వాడిన వల్కన్ బాంబర్ కథ చెబుతారు. ఎక్స్‌హెచ్ 558 అనే ఆ విమానం 1993లో బ్రంటింగ్‌థార్ప్ విమానక్షేత్రంలో దిగి ఎగరడం మానేసింది. మళ్లీ ఎగిరించాలని పూనుకున్న ట్రస్టుకు లాటరీ సొమ్ముతో నడిచే వారసత్వ నిధి మొదట కుదరదంది, తరవాత 27 లక్షల పౌండ్లకు పైగా మంజూరు చేసింది. అదీ చాలలేదు. 2006 ఆగస్టులో సిబ్బందికి ఉద్వాసన నోటీసులిచ్చే దాకా వచ్చింది. గడువు ముంచుకొచ్చాక వ్యాపారవేత్త సర్ జాక్ హేవర్డ్ ఇచ్చిన 5 లక్షల పౌండ్లతో గట్టెక్కారు. 2007 అక్టోబరు 18న ఎగిరింది. అందరూ చెప్పే కథ ఇక్కడితో ఆగిపోతుంది. నువ్వు చదవాల్సింది ఆ తరవాతి భాగం. దాన్ని ఎగురుతూ ఉంచడానికి ఏటా సుమారు 20 లక్షల పౌండ్లు కావలసి వచ్చేది. పెళ్లికి చదివింపులు చదివిస్తారు గాని కాపురానికి ఎవరూ చదివించరు. అయినా వాళ్లు ఏటికేడాది సామాన్య జనం దగ్గరే పోగుచేశారు. చివరికి 2015లో విమానం నేలకు దిగింది డబ్బు లేక కాదు. సాంకేతిక బాధ్యత వహించిన కంపెనీలు ఇక మా వల్ల కాదన్నాయి. వాళ్ల సంతకం లేనిదే ఎగిరే అనుమతి ఉండదు.

అందుకే మీ చిప్‌మంక్‌కు విడిభాగాలు ఎవరిస్తారో, పత్రాల మీద సంతకం ఎవరు పెడతారో రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే ప్రజల దగ్గర మొదటి పౌండు తీసుకోండి. చిప్‌మంక్ ఎంచుకోవడం తెలివైన పనే. దాని జిప్సీ మేజర్ ఇంజను పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇక అడిగే తీరు. 'చారిత్రక విమానాన్ని కాపాడండి' అంటే జనం తల ఊపి వెళ్లిపోతారు. 'ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోకు ఇంత, చక్రానికి ఇంత, రెక్క గుడ్డకు గజానికి ఇంత' అంటే జేబులో చేయి పెడతారు. అయితే ఇందులో ఒక చిక్కుంది. ప్రొపెల్లర్ కోసమని తీసుకున్న సొమ్ము ఇంగ్లండు ధర్మసంస్థల చట్టం ప్రకారం ప్రొపెల్లర్‌కే వాడాలి. ప్రొపెల్లర్‌కు నిండా వచ్చి, విమానం ఉంచే హ్యాంగరు అద్దెకూ బీమాకూ పైసా లేక తలుపులు మూసుకున్న బృందాల లెక్కలు నేను చూశాను. కాబట్టి విజ్ఞప్తిలోనే 'ప్రొపెల్లర్‌కు, మిగిలితే విమాన నిర్వహణకు' అని రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మీ కోశాధికారికి నిద్ర ఉండదు. అద్దె, బీమా మాత్రం సభ్యుల నెలసరి చందాలోంచే రావాలి. నెలకు ఐదేసి పౌండ్లు బ్యాంకు నుంచి నేరుగా వచ్చే వంద మంది ఉంటే, ఒకేసారి చెక్కు రాసి ఫొటో దిగి వెళ్లే పెద్దమనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు.

అలాంటి పెద్దమనిషి ఒక్కోసారి నిజంగానే దొరుకుతాడనుకో. మన వాయుసేనలో ఇప్పుడున్న పాత డకోటా రవాణా విమానం 'పరశురామ'ను వ్యాపారవేత్త, రాజకీయ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్ తన ఖర్చుతో బాగుచేయించి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి డకోటాలు నడిపిన పైలట్. మరమ్మతు జరిగింది ఇంగ్లండులోనే, కోవెంట్రీలో. 2018లో అక్కడి నుంచి ఎగురుతూనే ఇండియా చేరింది. కానీ అలాంటి కొడుకు ప్రతి విమానానికీ ఉండడు కదా!

ఆదాయపు పన్ను కట్టే ప్రతి దాత చేతా గిఫ్ట్ ఎయిడ్ పత్రం నింపించు. పౌండుకు పావు పౌండు ప్రభుత్వం కలుపుతుంది. మొహమాటపడి ఈ కాగితం అడగనివాళ్లే ఎక్కువ. దాతలకు బదులుగా ఖరీదైన కానుకలిస్తే మాత్రం ఆ హక్కు పోతుంది. విమానం లోపలి పలక మీద పేరు రాయిస్తే చాలు.

తెలుగు సంఘం ఉగాది సభలో డబ్బా తిప్పుతానన్నావు. తిప్పు, కాదనను. నీ ముఖం చూసి ఒకసారి ఇస్తారు. దానికంటే చిప్‌మంక్ మీద ఎగరడం నేర్చుకున్న పాత బ్రిటిష్ వాయుసేన వాళ్లను వెతుకు. వాళ్ల దగ్గర డబ్బుతో పాటు పాత పనిముట్లు, మాన్యువళ్లు, ఖాళీ సమయం కూడా ఉంటాయి.

ప్రతి మూడు నెలలకూ జమాఖర్చులు దాతలకు పంపు. పగుళ్లు బయటపడితే అవీ రాయి, ఫొటోతో సహా. అచ్చుకు ఇచ్చేముందు విజ్ఞప్తి నాకు పంపు. బీమా అంకె ఉందో లేదో ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి