పాప ‘ఆమెన్’ అంటోంది... నానమ్మకు చెప్పొద్దన్నాను

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చి రెడింగ్‌లో స్థిరపడ్డాం. మా పాపకు ఐదేళ్లు, ఇయర్ వన్ చదువుతోంది. ఇంటికి దగ్గరని, మంచి పేరుందని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రైమరీ స్కూల్లో చేర్చాం. పాప సంతోషంగా వెళ్లొస్తోంది. ఈమధ్య వీడియో కాల్‌లో మా అత్తయ్య చూస్తుండగానే అన్నం ముందు కళ్లు మూసుకుని ఇంగ్లిష్‌లో ప్రార్థన చెప్పి ‘ఆమెన్’ అంది. అత్తయ్య ఆ పూట భోజనం చేయలేదట. ‘పిల్లని వాళ్లలో కలిపేసుకుంటున్నారు’ అని రోజూ మావారికి ఫోన్. చేర్చేటప్పుడు ‘నీ ఇష్టం’ అన్న ఆయన ఇప్పుడు స్కూలు మార్చేద్దామంటున్నారు. గొడవ పెరగకూడదని, స్కూల్లో ప్రార్థన సంగతులు నానమ్మకు చెప్పొద్దని పాపతో అన్నాను. ఇంతలో క్రిస్మస్ నాటకంలో పాపకు దేవదూత వేషం ఇచ్చారు. సరిగ్గా అప్పటికే అత్తయ్య ఇక్కడికి వస్తున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ‘నానమ్మకు చెప్పొద్దని పాపతో అన్నాను’ అని రాశారు చూశారా, ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. స్కూలు సంగతి, అత్తగారి సంగతి తర్వాత చూద్దాం. స్కూల్లో తను ఇష్టంగా చేసే పని నానమ్మ దగ్గర దాచాల్సిన తప్పు అని పాపకు అర్థమై ఉంటుంది. ఇకనుంచి ఫోన్‌లో నోరు తెరిచే ముందు మీ ముఖం చూస్తుంది. ఐదేళ్ల పిల్లకు ఈ బరువు వద్దు. పైగా అక్కడి స్కూళ్లలో, మనసుకు ఇబ్బంది కలిగించే రహస్యాలు లోపల పెట్టుకోవద్దని, నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పమని పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. పిల్లల క్షేమం కోసం నేర్పే ఆ పాఠాన్ని మన ఇంట్లోనే చెరపకూడదు.

ఈ రాత్రి పడుకోబెట్టేటప్పుడు చెప్పండి: ‘నానమ్మకు చెప్పొద్దని అమ్మ అంది కదా, నువ్వు అది మర్చిపో. స్కూల్లో ఏం చేసినా ఎవరికైనా చెప్పొచ్చు. నానమ్మకు కొత్త కాబట్టి కంగారుపడింది. నానమ్మతో నేనూ నాన్నా మాట్లాడతాం.’ అంతే. సంజాయిషీలు, కన్నీళ్లు వద్దు. చెప్పేసి కథ మొదలుపెట్టండి.

ఇక స్కూలు. మీరు రాసినదాన్ని బట్టి, అక్కడ లోపల ఏం జరుగుతుందో మీ ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదనిపిస్తోంది. తెలియకపోవడం వల్లే సగం భయం. ఇంగ్లండ్‌లో ప్రతి నాలుగు ప్రైమరీ స్కూళ్లలో దాదాపు ఒకటి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌దే. 1811లో చర్చివాళ్లు నేషనల్ సొసైటీ అనే సంస్థ పెట్టి పేదపిల్లల కోసం ఊరూరా బడులు తెరిచారు. ప్రభుత్వం బడులు కట్టించే చట్టం వచ్చింది ఆ తర్వాత చాలాకాలానికి, 1870లో. అందుకే ఇవాళ్టికీ ఎన్నో ఊళ్లలో ఇంటిపక్క బడి అంటే చర్చి బడే. జీతాలు, ఖర్చులు ప్రభుత్వ సొమ్మే. లెక్కలు, ఇంగ్లిష్, సైన్సు, చరిత్ర పక్క వీధిలోని కౌన్సిల్ స్కూల్లో, అంటే స్థానిక ప్రభుత్వ బడిలో ఉన్నట్టే ఉంటాయి. ఇయర్ వన్‌లో అక్షరాల శబ్దాలు కలిపి చదివించే ఫోనిక్స్ పరీక్ష, ఇయర్ సిక్స్‌లో శాట్స్ అనే పరీక్షలు అందరికీ ఒకటే. చదువులో పాప వెనకబడుతుందన్న బెంగ అక్కర్లేదు.

తేడా వేరేచోట ఉంది, దాన్ని నేను తగ్గించి చెప్పను. ప్రతి చర్చి బడీ బైబిల్‌లోంచి ఒక కథో వాక్యమో ఎంచుకుని దాని మీద తన ఆశయాన్ని నిలబెట్టుకుంటుంది. కరుణ, క్షమ, ఓర్పు, స్నేహం, సత్యం వంటివాటిలో కొన్నింటిని విలువలుగా తీసుకుని, టర్ముకొకటో అర టర్ముకొకటో చొప్పున పిల్లల్లో నాటే ప్రయత్నం చేస్తుంది. ఈ టర్ములో కరుణ అనుకోండి. అసెంబ్లీలో మంచి సమరయుడి కథ చెబుతారు. దెబ్బలు తిని దారి పక్కన పడి ఉన్న మనిషిని తన జాతివాళ్లే చూసీచూడనట్టు దాటిపోతే, వేరే జాతివాడు ఆగి, గాయాలు కట్టి, సత్రానికి చేర్చే కథ అది. అదే వారంలో ఆటస్థలంలో ఒంటరిగా కూర్చున్న పిల్లాడిని ఆటలోకి పిలిచినవాళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు. జాగ్రఫీలో నీళ్లకు కరువున్న ఊళ్ల పాఠం వస్తే, దానికి మనం ఏం చేయగలం అని పిల్లలనే అడుగుతారు. విలువ అనేది గోడ మీద అట్టముక్కగా మిగిలిపోకుండా పాఠంలోకీ ఆటలోకీ వచ్చిందా లేదా అని చూడటానికి, అన్ని బడులకూ ఉండే ప్రభుత్వ తనిఖీ ఆఫ్‌స్టెడ్ కాక, చర్చి బడులకు సియామ్స్ అని వేరే తనిఖీ ఉంది. మీ స్కూలు నివేదిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. భార్యాభర్తలు ఒకరోజు పక్కపక్కన కూర్చుని చదవండి.

ప్రార్థన మాటకొస్తే, రోజూ అందరూ కలిసి చేసే ‘కలెక్టివ్ వర్షిప్’ ఉంటుంది. ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు, కథ చెబుతారు, పాట పాడతారు, కాసేపు మౌనంగా కూర్చోమంటారు. ప్రార్థనకు ముందు చాలా బడుల్లో టీచరు ఒక మాట అంటారు: ఈ ప్రార్థన నీది కూడా అనిపిస్తే చివర ‘ఆమెన్’ అను, లేకపోతే ఊరికే విను అని. అది ఆహ్వానంలా ఉండాలి తప్ప ఏ పిల్లనూ బలవంతపెట్టకూడదని చర్చి తన బడులకు స్పష్టంగా చెప్పింది. తరగతి గదిలో ఒక మూల చిన్న బల్ల ఉంటుంది. దాని మీద శిలువ, కొవ్వొత్తి, పిల్లలు తమ కోరికలో బెంగలో రాసి వేసే డబ్బా. బల్ల మీది గుడ్డ రంగు చర్చి కాలాన్నిబట్టి మారుతుంది, క్రిస్మస్ ముందు ఊదా, పండగకు తెలుపు. ఈసారి పేరెంట్స్ ఈవెనింగ్‌కి వెళ్లినప్పుడు చూడండి, మీ పాప ఏం రాసి వేసిందో కూడా అడగండి.

ఇక్కడే మీ అత్తగారి భయం అర్థం చేసుకోవాలి. మన దగ్గర కాన్వెంటు చాలామందికి తెలుసు. అక్కడ చాలాచోట్ల క్రైస్తవ పిల్లలకు క్యాటకిజం అనే మత బోధ, మిగతావాళ్లకు మోరల్ సైన్స్ అని గదులు వేరు చేసేవారు. ఎవరి గీత వాళ్లకు ఉండేది. ఇంగ్లండ్ చర్చి బడిలో ఆ గీత లేదు. ముస్లిం పిల్ల, సిక్కు పిల్లాడు, దేవుడే లేడనే ఇంటి పిల్ల, మీ పాప అందరూ ఒకే హాల్లో నేల మీద కూర్చుంటారు. ఆమె మనసులోని కొలతకు ఇది సరిపోదు కాబట్టి ‘కలిపేసుకుంటున్నారు’ అనిపించింది. ‘మీ అబ్బాయి చదివింది కాన్వెంటు కాదా?’ అని మాత్రం అనకండి. ఆ మాటతో ఆమె నోరు మూయించగలరు, మనసు ఇంకా దూరమవుతుంది. ‘అబ్బే, అక్కడ దేవుడి మాటే లేదు, అందరికీ పనికొచ్చే నీతులే’ అని నచ్చజెప్పడం కూడా వద్దు. వచ్చి చూస్తే శిలువ కనిపిస్తుంది, మీ మాట మీద నమ్మకం పోతుంది. ‘అది క్రైస్తవ బడే అత్తయ్యా. మతం మార్చడం వాళ్ల పని కాదు. మన పండగలు మనింట్లో మానలేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి.

మీవారికి ఒక విషయం తెలియాలి. తల్లిదండ్రులు కోరితే ఆ ప్రార్థన నుంచీ, మత విద్య పాఠాల నుంచీ బిడ్డను తప్పించే హక్కు ఇంగ్లండ్ చట్టం ఇస్తోంది, చర్చి బడుల్లో కూడా. కారణం చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆయన ముందున్నవి ఉంచడమా మార్చడమా అన్న రెండు దారులే కావు. నన్నడిగితే మాత్రం ప్రార్థన నుంచి తప్పించవద్దంటాను. అందరూ హాల్లో పాడుతుంటే లైబ్రరీలో ఒక్కతే బొమ్మలు వేసుకునే ఐదేళ్ల పిల్లకు తనను ఎందుకు బయట కూర్చోబెట్టారో అర్థం కాదు. మత విద్య నుంచి అసలే తప్పించవద్దు. అందులో క్రైస్తవం వాటా ఎక్కువే అయినా ఇతర మతాలూ ఉంటాయి. హిందూ మతం పాఠం వచ్చే రోజున మీ పాపే బయట కూర్చోవాల్సి రావచ్చు. అయినా ఆయనకు ప్రార్థన ఒక్కటే గుచ్చుకుంటుంటే ఆ ఒక్కదానికే ఉత్తరం రాసి ఇవ్వండి, మీరు అడ్డుపడకండి. పాప మీద ఆయనకూ మీకున్నంత అధికారం ఉంది.

అసలు చిక్కు ఆయన ‘నీ ఇష్టం’ అనడంలో ఉంది. ఆ మాటతో బాధ్యత మీ మీద వేసి, గొడవ వచ్చాక తల్లి పక్కకు వెళ్లారు. దెప్పిపొడవకుండా అడగండి: ‘అత్తయ్య మాట పక్కన పెట్టి చెప్పండి, మీకు ఏం భయంగా ఉంది?’ ఆయనకు నిజంగానే భయం ఉండొచ్చు, దాన్ని వినండి. తల్లి బాధ చూడలేకపోవడమే అయితే అదీ తప్పు కాదు, కానీ దానికి స్కూలు మార్చడం పరిష్కారం కాదు. ఇద్దరూ కలిసి హెడ్‌టీచర్‌ని కలవండి. ప్రార్థనలో మా పాప నుంచి ఏం ఆశిస్తారు, ఇతర మతాల పిల్లలను ఎలా చూస్తారు, ఇంట్లో పెద్దవాళ్లకు వేరే నమ్మకం ఉందని పాప చెబితే టీచరు ఏమంటారు, ఈ మూడూ ఆయనే అడగాలి. ఆ తర్వాత తల్లితో మాట్లాడేదీ ఆయనే. కోడలి నోట వస్తే వాదనలా వినిపించే మాట కొడుకు చెబితే చెవికెక్కుతుంది.

నాటకం వేయనివ్వండి. ఆ వయసు పిల్లకు దేవదూత వేషమంటే తెల్లగౌను, అట్టముక్క రెక్కలు, స్నేహితుల పక్కన నిలబడటం. అత్తగారిని రమ్మని పిలవండి, బలవంతం వద్దు. రానంటే ‘సరే అత్తయ్యా’ అని వదిలేయండి, అలక చూపించకండి. తనకు నానమ్మ రాలేదేమని పాప అడిగితే, ‘నానమ్మకు ఇంట్లో ఉండాలనిపించింది’ అంటే చాలు. వస్తే మాత్రం ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఆమె ఉన్న నెలల్లో ఆమెకు ఒక పని అప్పగించండి. ఇంగ్లండ్ బడుల్లో దీపావళి పాఠం వస్తే సాధారణంగా రాముడు అయోధ్యకు తిరిగొచ్చిన కథ చెబుతారు. మనింట్లో చెప్పుకునే సత్యభామ, నరకాసురుల కథ చాలామంది టీచర్లకు తెలియదు. దాన్ని పాపకు తెలుగులో చెప్పాల్సింది నానమ్మే. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పద్యం నేర్పమనండి. మీరు స్కూల్లో అడిగి చూడండి, సంక్రాంతికి ముగ్గు వేసి చూపించడానికి పెద్దావిడ ఒకరు వస్తారని. ఇలాంటి రాక చాలా బడులకు సంతోషమే. ఆమె ఆ గదిలో పిల్లల మధ్య ఒక గంట గడిపితే, ఫోన్‌లో మీరు నెలలపాటు చెప్పినదానికన్నా ఎక్కువ తెలుసుకుంటారు.

ఇంత చేశాక కూడా మీవారి మనసు కుదుటపడకపోతే మార్చండి, అందులో ఓటమి లేదు. హిందూ సంప్రదాయంలో నడిచే ప్రభుత్వ ప్రైమరీ కూడా ఇంగ్లండ్‌లో ఉంది, 2008లో హ్యారోలో కృష్ణ-అవంతి మొదలైంది. కానీ రెడింగ్ నుంచి రోజూ తిప్పేంత దగ్గర కాదు, మీకు అందేది మామూలు కౌన్సిల్ స్కూలే. దరఖాస్తు ఏడాది మధ్యలోనూ చేసుకోవచ్చు. ఖాళీ ఉందో లేదో కౌన్సిల్‌ని ఇప్పుడే అడిగి ఉంచుకోండి. మారిస్తే జులైలో తరగతి ముగిశాక మార్చండి, నాటకానికి ముందు మాత్రం వద్దు.