ఊడిన పాలపన్నును డబ్బాలో దాచిపెడితే తర్వాత స్టెమ్ సెల్స్ తీయొచ్చా?

తీయలేరు, డబ్బాలో ఎండిపోయిన పన్నులో బతికున్న కణాలు మిగలవు. స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు, ఉండేది పైకి కనిపించే తెల్లటి గట్టి భాగంలో కాదు, లోపలి మెత్తటి గుజ్జులో, అంటే పల్ప్‌లో. పాలపన్ను ఊడేనాటికి వేరు చాలావరకు కరిగిపోయి ఉంటుంది. అడుగున బోలుగా ఉన్నచోట ఎర్రటి ముక్క కాస్త అంటుకుని కనిపిస్తే అదే పల్ప్. రక్తం అందకపోతే అది ఎంతోసేపు బతకదు. అందుకే దాచాలనుకునేవాళ్లు పన్నును వెంటనే పోషక ద్రావణంలో వేసి, చల్లగా ఉంచి ల్యాబ్‌కు పంపిస్తారు. అక్కడ కణాలను వేరుచేసి ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు.

పాలపంటి స్టెమ్ సెల్స్ సంగతి 2003లో బయటపడింది. వాటి ఉపయోగానికి మంచి ఉదాహరణ 2018లో వెలువడిన ఒక చైనా ట్రయల్. దెబ్బ తగిలి పల్ప్ చచ్చిపోయిన ముందుపళ్లలో పిల్లల సొంత పాలపంటి కణాలనే పెడితే, రక్తనాళాలతో సహా పల్ప్ మళ్లీ పెరిగింది, పంటికి స్పర్శ కూడా తిరిగొచ్చింది.

చాలామంది వీటినీ బొడ్డుతాడు రక్తంలోని కణాలనీ ఒకటే అనుకుని, లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కూ పనికొస్తాయని నమ్ముతారు. అవి రక్తకణాలను తయారుచేసే రకం, ఇవి ఎముక, కొవ్వు, డెంటిన్ (పంటిలో పల్ప్ చుట్టూ ఉండే గట్టి పొర) లాంటివాటిగా మారగల రకం. ప్రకటనలు ఏం చెప్పినా సరే, వీటితో కొత్త పన్ను మొలిపించే చికిత్స కూడా ఇంకా రాలేదు.