తమ్ముడి మతిమరపు బద్ధకమేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. 28 ఏళ్ల మా తమ్ముడు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు ఐదేళ్లుగా మందులు వాడుతున్నాడు. చెవిలో మాటలు వినిపించడం పోయింది గానీ, మా కిరాణా కొట్టులో మూడు సరుకులు అడిగితే ఒకటే ఇస్తాడు, అప్పు రాయడం మరిచిపోతాడు. నాన్న ఒకసారి బద్ధకమంటారు, మరోసారి మాత్రల వల్లే మొద్దుబారాడు, ఆపేయమంటారు. ఏం చేయాలి?

జవాబు: మాత్రలు మాత్రం ఆపకండమ్మా, ఆపితే పోయిన మాటలు మళ్లీ వినిపించే ప్రమాదం ఎక్కువ. ధ్యాస నిలపడం, విన్నదాన్ని కాసేపు మనసులో ఉంచుకోవడం, వేళకు పని గుర్తురావడం దెబ్బతినడం ఈ జబ్బులో భాగమే. చాలామందిలో ఇది జబ్బు బయటపడకముందే మొదలవుతుంది, మందులు దీన్ని పెద్దగా బాగుచేయలేవు. చదువుకునే రోజుల్లోనే వెనకబడ్డాడేమో నాన్నగారిని గుర్తుచేసుకోమనండి.

అయితే ఆయన అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. అసలు మందుల వల్ల వచ్చే వణుకు, కండరాల బిగుతు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర కలిపి రాస్తుంటారు. అది జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. కొన్నాళ్లకు దాని అవసరం తగ్గే వారున్నా, పాత చీటీ చూపి ఏళ్ల తరబడి కొనుక్కుంటూ పోవడం మన దగ్గర మామూలే. నిద్రమాత్రలదీ అదే కథ. చీటీలన్నీ పట్టుకుని ఇప్పుడు చూస్తున్న డాక్టరునో, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనో ఇవి ఇంకా అవసరమా అని అడగండి. తగ్గించాల్సింది వారే, అదీ మెల్లగా. థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా చేయించమనండి, ఆ లోపాలు కూడా మరపు తెస్తాయి.

కొట్టులో రద్దీవేళ అప్పుల లెక్క అతనికి అప్పగించకండి. పప్పులు, చక్కెర తూచి పొట్లాలు కట్టడం వంటి రోజూ ఒకే తీరున సాగే పనిని చేతులు నేర్చుకుంటాయి, అక్కడ మరపు అంతగా అడ్డురాదు. సరుకు అడిగినప్పుడు ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత అందించే అలవాటు చేయించండి. మాత్రలకు ఫోనులో అలారం పెట్టండి. గిరాకీల ముందు నాన్నగారు కేకలేయడం మానాలి, ఎందుకంటే ఇంట్లో తిట్లు, దెప్పులు ఎక్కువైన చోట ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనల్లో పదేపదే తేలింది. ఆయన నా మాట నమ్మకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఆయన చేతనే ఫోను చేయించండి; ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇదంతా మెల్లగా సాగే మరపు సంగతి. ఒక్కసారిగా అయోమయంలో పడినా, తెలిసిన దారి తప్పినా, జ్వరంతో ఒళ్లు బిగుసుకున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.