ఫేడ్, సింక్ వస్తే ముందు తెలుగులో చెప్పుకో

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఫ్రెంచ్ అనువాదంలో ఇంగ్లీషు మాట ఫేడ్ (fade) వచ్చిన ప్రతిచోటా ‘దిస్పరెత్ర్’ (మాయమవడం), సింక్ (sink) వచ్చిన ప్రతిచోటా ‘కూలే’ (మునగడం) పెట్టావు. నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయావన్నమాట. ఈ రెండు మాటల్లో ఇంగ్లీషుది గంపగుత్త బేరం. ఫ్రెంచ్ మాత్రం ఏది పోయింది, ఎలా పోయింది అని అడుగుతుంది. తెలుగూ అలాగే అడుగుతుంది కాబట్టి వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పుకో, సగం పని అయిపోతుంది.

పువ్వు వాడిపోతే ‘స ఫానే’. చీర ఎండకు వెలిసిపోతే ‘పాసే’ లేదా ‘స దేకొలొరే’. అదే చీర బకెట్లో రంగు వదిలితే ‘దేతాంద్ర్’. ఆ రంగు పక్కనున్న తెల్లచొక్కాకు అంటినా అదే క్రియ, వెనక ‘స్యుర్’ (మీద) చేరుతుంది. పాతబస్తీ దుకాణం బోర్డు మీద అక్షరాలు చెరిగిపోతే ‘సెఫాసే’. మంచులో చార్మినార్ అంచులు మసకబారితే ‘సెస్తోంపే’. ఎస్తోంప్ అంటే బొగ్గు గీతల్ని రుద్ది మెత్తబరచడానికి చిత్రకారులు వాడే చుట్టిన కాగితపు పుల్ల. అది గుర్తుంటే ఈ మాట ఎక్కడ వాడాలో తప్పిపోదు, జ్ఞాపకాలకూ ఇదే. దీపం, గొంతు సన్నగిల్లి ఆగిపోతే ‘సేతాంద్ర్’. మనిషి కన్నుమూశాడని మర్యాదగా చెప్పడానికీ ఇదే వాడతారు కనుక, బతికున్న పాత్రకు తగిలించేటప్పుడు జాగ్రత్త. సినిమా స్క్రిప్టులో తెర నల్లబడే చోట క్రియ వద్దు, ‘ఫోందు ఓ న్వార్’ చాలు.

ఇక సింక్. పడవ మునిగితే ‘కూలే’, కాస్త నిండుగా కావాలంటే ‘సోంబ్రే’. నీళ్లు పారినా, ముక్కు కారినా కూడా కూలేనే. అందుకే మరుపులోకో, మతిభ్రమణంలోకో జారిపోయాడనడానికి సోంబ్రే మేలు. తెలుగు చెవికి కూలే అంటే గోడ కూలినట్టుంటుంది కదా, ఆ కూలడానికి మాట ‘సెఫోంద్రే’. చక్రం బురదలో దిగబడితే ‘సాంఫోన్సే’, వానకు రోడ్డు కుంగితే ‘సఫేసే’. హుస్సేన్‌సాగర్ నీటిమట్టం తగ్గినా, దాని మీద పొద్దు వాలినా ‘బేసే’. పొద్దు కుంకితే ‘స కూషే’.

తెలుగు కూడా మోసం చేసే చోట్లున్నాయి. మనిషి నీళ్లలో మునిగి చనిపోతే ‘స న్వయే’. అప్పుల్లో మునిగితే ‘క్రూలే సూ లే దెత్’, అంటే అప్పుల బరువు కింద కూలడం; ఒక్క ‘ర’ తేడాతో కూలే అని రాస్తే అర్థం మారిపోతుంది. మనసు కుంగింది కదా అని సఫేసే వాడకు. ఫ్రెంచివాళ్ల గుండె కుంగదు, బిగుసుకుంటుంది: ‘సోం కర్ సె సెరే’.

భూతకాలంలో ముందు ‘స’ (తనను తాను) చేరే ఈ ఆత్మార్థక క్రియలకు సహాయక్రియ ‘ఎత్ర్’. కర్త స్త్రీలింగ బహువచనమైతే, ఉదాహరణకు రంగులు, క్రియ చివర ఇ, ఎస్ అక్షరాలు చేరతాయి. కూలే, సోంబ్రేలకు ‘అవ్వార్’. పడవకు వాడిన మాట స్త్రీలింగమైనా వాటి చివర ఏదీ చేరదు. నువ్వు మూడో పేజీలో చేర్చావు, అది ముందు తీసెయ్.

ఆశీస్సులతో,
పెదనాన్న